స్లాబు కాంక్రీటు ఎంత చెప్పాలి, ఎలా తెప్పించాలి: మిల్లరా, రెడీమిక్సా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇల్లు కట్టేవాళ్లకి స్లాబు దగ్గరికొచ్చేసరికి రెండు ప్రశ్నలు ఒకేసారి మీద పడతాయి. కాంక్రీటు ఎంత కావాలి? దాన్ని రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో పంపేది) తెప్పించాలా, ఇంటి ముందే మిల్లరు (కాంక్రీటు కలిపే మిషను) పెట్టి కలిపించాలా? చాలామంది వీటిని విడివిడిగా తేల్చేస్తారు. ముందు రేటు చూసి ఏది చవకో దానికి ఒప్పేసుకుంటారు, ఎంత అనేది తర్వాత మేస్త్రికి వదిలేస్తారు. నన్నడిగితే ఇది తలకిందుల వ్యవహారం. మీ కొలత మీద మీకు ఎంత నమ్మకం ఉందో ముందు తేలాలి, ఎలా తెప్పించాలనేది దాన్ని బట్టి తేలాలి. ఎందుకంటే మిల్లరు దగ్గర లెక్క తప్పితే ఇంకో నాలుగు బస్తాలు విప్పుతారు, అక్కడితో సరి. రెడీమిక్స్‌లో తప్పితే మాత్రం, తక్కువైతే స్లాబు మధ్యలో ఆగి కూర్చుంటుంది, ఎక్కువైతే డబ్బు కట్టి కొన్న సరుకుని పారబోయడానికి చోటు వెతుక్కోవాలి.

అందుకే ముందు ఎంత అనేది చూద్దాం.

నోటి లెక్క, కాగితం లెక్క, టేపు లెక్క

మేస్త్రి వంద అడుగుల స్లాబుకి ఇన్ని బస్తాలు అని ఒక అంకె చెప్తాడు. ఏళ్ల తరబడి వేసిన స్లాబుల్లోంచి వచ్చిన అంకె కాబట్టి తీసిపారేయకూడదు, కాకపోతే అందులో ఏమేం కలిశాయో అడగాలి. 5 అంగుళాల మందం, 1:1.5:3 పాళ్లు (వరసగా సిమెంటు, ఇసుక, పిక్క అంటే కంకర) అనుకుంటే వంద చదరపు అడుగుల ఉత్త స్లాబుకి 41.7 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, అంటే 1.18 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకి 8 బస్తాల చొప్పున తొమ్మిదిన్నర బస్తాలు. బీములు కూడా కలిపితే మామూలు ఇంటికి అదే వంద అడుగులకి 12 బస్తాలు దాటిపోతుంది. రెండు అంకెలూ నిజమే. వెయ్యి అడుగుల ఇంటికి వచ్చేసరికి ఆ రెంటి మధ్య తేడా 30 బస్తాలు. 4 అంగుళాల స్లాబులు వేసిన రోజుల అంకెని ఇప్పటికీ అలాగే చెప్పేవాళ్లూ ఉన్నారు, కాబట్టి "మందం ఎంత అనుకుని చెప్తున్నావు బాబూ" అని ఒక్క మాట అడిగితే సగం విషయం బయటికొస్తుంది. మిల్లరు పెట్టేవాళ్లకి సిమెంటు, ఇసుక దింపించుకోవడానికి ఈ నోటి లెక్క చాలు. రెడీమిక్స్‌కి చాలదు.

కాగితం లెక్క అంటే ప్లాను చూసి పొడవు, వెడల్పు, మందం గుణించడం. ఒక ఇల్లు తీసుకుందాం. బయటి అంచు నుంచి బయటి అంచుకి స్లాబు 28 అడుగులు, 38 అడుగులు, అంటే చుట్టూ అడుగు చొప్పున బయటికి వచ్చిన దాంతో కలిపి. మొత్తం 1064 చదరపు అడుగులు. మెట్ల దగ్గర వదిలేసే ఖాళీ 7 అడుగులు, 12 అడుగులు, అది 84. తీసేస్తే 980. మందం 5 అంగుళాలు కాబట్టి 12తో భాగించి 5తో గుణిస్తే 408 ఘనపుటడుగులు.

ఇప్పుడు బీములు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బీము 9 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు అని ప్లానులో ఉంటే, ఆ 15లో పై 5 అంగుళాలు స్లాబు లెక్కలో ఇప్పటికే వచ్చేశాయి. కింద వేలాడే 10 అంగుళాలే లెక్కలోకి తీసుకోవాలి. మన ఇంటికి పొడవాటి బీములు 3, ఒక్కోటి 36 అడుగులు, అడ్డంవి 4, ఒక్కోటి 26 అడుగులు, అంతా కలిపి 212 అడుగులు. అవి ఒకదాన్నొకటి దాటే చోట్లు 12. ఒక్కో చోట 9 అంగుళాలు రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి 9 అడుగులు తీసేస్తే 203. దాన్ని ముప్పావు అడుగు వెడల్పుతో, 10 అంగుళాల లోతుతో గుణిస్తే 127 ఘనపుటడుగులు. స్లాబుతో కలిపి 535. క్యూబిక్ మీటరుకి 35.3 ఘనపుటడుగులు కాబట్టి 15.16 క్యూబిక్ మీటర్లు. 15 అంగుళాలూ పూర్తిగా లెక్కేసి ఉంటే ఇంకో 1.8 క్యూబిక్ మీటర్లు ఊరికే ఎక్కువ చెప్పేవాళ్లం.

ఇనుము ఉంది కదా, అంత మేర కాంక్రీటు తగ్గించాలా అని కొందరు అడుగుతారు. ఇలాంటి స్లాబులో ఇనుము తీసుకునే చోటు నూటికి ఒక వంతు దగ్గర ఉంటుంది, దాన్ని వదిలేయండి.

మూడోది టేపు లెక్క, నాకు నమ్మకం ఉన్నది ఇదే. సెంట్రింగ్ అయిపోయి, ఇనుము కట్టేశాక, పైకెక్కి కొలవడం. ప్లానులో 28 అడుగులు ఉంటుంది, రేకులు పరిచేసరికి పక్క బోర్డు రెండంగుళాలు బయటికి పోయి ఉంటుంది. ప్లానులో లేని పూజగది మీద చిన్న గూడు, ముందువైపు ఆర్చి, ఇంటావిడ ఆఖర్లో అడిగిన సన్‌షేడ్ పొడిగింపు, ఇవన్నీ సెంట్రింగ్ మీదే కనపడతాయి, కాగితం మీద కనపడవు.

అన్నిటికంటే ముఖ్యం మందం. మన 980 అడుగుల స్లాబులో అర అంగుళం మందం పెరిగితే ఎంతో తెలుసా? 41 ఘనపుటడుగులు, అంటే 1.16 క్యూబిక్ మీటర్లు. తొమ్మిది బస్తాలు దాటి. శాతంలో చెప్తే 7.7. జనం వేస్టేజీ 3 శాతం వేయాలా 5 శాతం వేయాలా అని వాదించుకుంటుంటారు, ఈలోపు రేకుల కింద సరుగుడు కర్ర ఒకటి మెత్తటి మట్టిలోకి దిగిపోతుంది, దాంతో ఆ వాదన అంతా వృథా. కాబట్టి స్లాబుకి ముందురోజు సాయంత్రం నీళ్ల ట్యూబుతో లెవెల్ చూడండి. నాలుగు మూలలు చూస్తే సరిపోదు, ప్రతి గది మధ్యలో చూడాలి, ఎందుకంటే రేకులు దిగేది మధ్యలోనే. స్లాబు పై మట్టానికి దారం లాగి, దారం నుంచి రేకుకి ఎంత ఉందో ఐదారు చోట్ల టేపుతో కొలిచి రాసుకోండి. 5, 5.25, 5.5, 5 ఇలా వస్తే ఆ సగటుతోనే లెక్క వేయండి, ప్లానులో ఉన్న 5తో కాదు. కర్రల కింద చెక్క ముక్కలు పెట్టించి మళ్లీ బిగిస్తే ఇంకా మంచిది, కాంక్రీటు కంటే చెక్క ముక్క చవక.

లెవెల్ ఇలా చూసిన స్లాబుకి 3 శాతం ఎక్కువ వేసుకుంటే చాలు. చూడనిదానికి 10 వేసినా హామీ లేదు.

నేల మీద వేసే కాంక్రీటుకి ఈ మందం గొడవ ఇంకా ఎక్కువ. పలాస వైపు జీడిపిక్కలు ఎండబెట్టడానికి కళ్లం వేస్తారు కదా, 40 అడుగులకి 50, మందం 4 అంగుళాలు అనుకుంటే 667 ఘనపుటడుగులు, 19 క్యూబిక్ మీటర్లకి కాస్త తక్కువ. కింద గ్రావెల్ సరిగ్గా రోలింగ్ చేయకుండా సగటున అర అంగుళం పల్లంగా ఉంటే 2.36 క్యూబిక్ మీటర్లు అదనంగా మింగుతుంది. ఉద్దానం ఇసుక నేలల్లో ఫుటింగు గోతులు తవ్వినా ఇదే కథ, పక్కలు జారిపోయి నాలుగడుగుల గొయ్యి ఐదడుగులు అవుతుంది, చెక్కలు పెట్టకుండా పోస్తే ప్లాను లెక్కకీ పోసినదానికీ పొంతన ఉండదు. అక్కడ గొయ్యినే కొలవాలి.

మిల్లరు దగ్గర కలిపిస్తే

పైన చెప్పిన 15.16 క్యూబిక్ మీటర్లకి 1:1.5:3 పాళ్లలో సిమెంటు 122 బస్తాలు, ఇసుక 225 ఘనపుటడుగులు, పిక్క 450 ఘనపుటడుగులు. పిక్కలో 20 ఎంఎం ఎక్కువ, 12 ఎంఎం తక్కువ కలిపి వేస్తారు. చేతిలో ఉండాలి కాబట్టి సిమెంటు 130 బస్తాలు దింపించుకోండి, మిగిలినవి ప్లాస్టరింగ్‌కి పోతాయి. ఇదే మిల్లరులో ఉన్న పెద్ద సుఖం, మిగిలింది ఏదీ వృథా కాదు, ఇసుకా పిక్కా కూడా.

ఇసుక దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ 225 అంకె పొడి ఇసుకది. నాగావళి నుంచో వంశధార నుంచో వచ్చే ఇసుక తడిగా ఉంటుంది, తడి ఇసుక ఉబ్బుతుంది, 20 నుంచి 30 శాతం వరకూ. అంటే తట్టతో కొలిస్తే తట్ట నిండినట్టే ఉంటుంది కానీ లోపల ఇసుక తక్కువ. 280 ఘనపుటడుగులు తెప్పించుకుంటే గానీ 225 చేతికి రాదు. ట్రాక్టరు ఒకటి ఒక యూనిట్ (వంద ఘనపుటడుగులు) అని నోటి మాటగా చెప్తారు, ట్రక్కు లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి చూసుకోండి, కుప్పగా పోసిన పై భాగం దారిలో కుదుపులకి దిగిపోతుంది. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉంది, కానీ లోడింగు, రవాణా డబ్బులు మీవే. వానాకాలంలో నదుల్లో తవ్వకం ఆపేస్తారు కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో స్లాబు అనుకున్నవాళ్లు ఎండాకాలంలోనే ఇసుక దింపించుకుంటే టెన్షన్ ఉండదు.

కొలవడానికి తట్టల బదులు చెక్క డబ్బా చేయించండి. లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉంటే 1.25 ఘనపుటడుగులు, సరిగ్గా ఒక బస్తా సిమెంటు అంత. బస్తాకి ఇసుక డబ్బా ఒకటిన్నర, తడిగా ఉంటే రెండుకి కాస్త తక్కువ, పిక్క మూడు డబ్బాలు. మొదటి గంట అందరూ డబ్బాతోనే వేస్తారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక డబ్బా పక్కకి పోయి పారలు వస్తాయి. అప్పుడు మిల్లరు దగ్గర ఇంటి మనిషి ఒకరు కుర్చీ వేసుకుని కూర్చోవాలి, తప్పదు.

నీళ్లు కూడా. ఈ పాళ్లకి బస్తాకి 30 లీటర్లకి మించకూడదని కాంక్రీటు పనుల భారత ప్రమాణాల కోడ్ ఐఎస్ 456 చెప్తుంది, అందులో తడి ఇసుకలో వచ్చే నీళ్లూ కలిసినట్టే. కూలీలకి పల్చగా ఉంటే లాగడం సులువు కాబట్టి బకెట్లు పెరుగుతూ పోతాయి. పల్చటి కాంక్రీటు మొదట్లో బాగా సర్దుకున్నట్టే కనపడుతుంది, తర్వాత బలం పోతుంది, పగుళ్లు వస్తాయి.

ఇక టైము. ఒక బస్తా మిల్లరు ఒక్కో కలుపుకి దాదాపు 4.4 ఘనపుటడుగులు ఇస్తుంది. మనకి 122 కలుపులు కావాలి. కనీసం రెండు నిమిషాలు తిరగాలి, నింపడం, దింపడం కలిపి మూడున్నర నిమిషాలు వేసుకుంటే ఏడు గంటలు పైనే, భోజనం కాకుండా. అంటే పొద్దున్న ఆరింటికి మొదలెడితే సాయంత్రం మూడు, నాలుగు. ఆ మధ్యలో మిల్లరు రిపేరు వస్తే, లిఫ్టు తాడు తెగితే, ముందు పోసింది గట్టిపడిపోయి తర్వాత పోసినదానితో అతుక్కోదు. అందుకని వెయ్యి అడుగులు దాటిన స్లాబుకి ఒక మిల్లరుతో దిగడం నాకు నచ్చదు, పక్కన రెండోది ఉండాలి, లేదా ఫోన్ చేస్తే గంటలో వచ్చేలా మాట్లాడుకుని ఉండాలి.

రెడీమిక్స్ తెప్పిస్తే

ఇక్కడ మొదట చూడాల్సింది రేటు కాదు, దూరం. బండిలో నింపినప్పటి నుంచి 2 గంటల్లోపు దింపేయాలని రెడీమిక్స్ కోడ్ ఐఎస్ 4926 చెప్తుంది. గట్టిపడటం ఆలస్యం చేసే మందు కలిపితే ప్లాంటు వాళ్లు ఇంకాస్త సమయం ఇస్తారు, కానీ ఆ మాట వాళ్లే కాగితం మీద చెప్పాలి, డ్రైవరు చెప్తే కుదరదు. విజయనగరం టౌను, భోగాపురం, పైడిభీమవరం, రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం ఇలా 16వ నంబరు హైవేకి దగ్గర్లో ఉన్నవాళ్లు దీని గురించి ఆలోచించొచ్చు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండదారుల్లో ఉన్నవాళ్లకి ఇది లెక్కలోకే రాదు. కవిటి, ఇచ్ఛాపురం వాళ్లు శ్రీకాకుళం దగ్గరి ప్లాంటుని నమ్ముకుంటే వంద కిలోమీటర్ల పైమాట, కాబట్టి దగ్గర్లో ప్లాంటు ఉందో లేదో చూసుకున్నాకే మిగతా మాటలు.

దూరం కుదిరితే దారి. ఒక బండిలో 6 క్యూబిక్ మీటర్లు అంటే కాంక్రీటు బరువే 14 టన్నులు దాటుతుంది, బండి బరువు వేరే. ఊళ్లో సిమెంటు రోడ్డు అంచులు, పంట కాలువ మీద పాత కల్వర్టు, రెండువైపులా రోడ్డు మీదికి వచ్చిన అరుగులు, ఇవి చూసుకోకుండా బండిని పిలిస్తే వీధి మొదట్లోనే ఆగిపోతుంది. బూమ్ పంపు (పొడవాటి చెయ్యి పైకి చాపి పోసేది) పెట్టేట్టయితే పైన కరెంటు తీగలు చూడాలి, ఈ విషయంలో సర్దుకుపోవడం ఉండకూడదు. వీధి ఇరుకైతే పైపులు పరిచే లైన్ పంపు. ఆ పైపుల్లో మిగిలిపోయే కాంక్రీటు కూడా మీరు కొన్నదే, 5 అంగుళాల పైపు వంద అడుగులు వేస్తే అందులో 13 ఘనపుటడుగులు దాటి నిలబడుతుంది, తొట్టిలో ఇంకొంత. రెండూ కలిపి అర క్యూబిక్ మీటరు అనుకోండి.

అంటే మన ఇంటికి 15.16, దాని మీద 3 శాతం, ఆ పైన పంపు కోసం అర. మొత్తం 16.1. ఇప్పుడు ఫోన్లో "16 కావాలి" అని చెప్పేయకండి. "మొదటి రెండు బండ్లు ఆరేసి పంపండి, మూడో బండిలో ఎంత అనేది రెండో బండి సగం ఖాళీ అయ్యాక చెప్తాం" అని ముందే ఒప్పించుకోండి. చాలా ప్లాంట్ల వాళ్లు వింటారు, వినకపోతే ఇంకో ప్లాంటుని అడగండి. మొత్తం ఈ వ్యవహారంలో ఇంతకంటే పనికొచ్చే మాట నా దగ్గర లేదు.

అది ఎలా లెక్కేయాలంటే, రెండో బండి సగం అయ్యేసరికి 9 పోసి ఉంటారు. అప్పుడు టేపు తీసుకుని ఇంకా పోయని భాగం కొలవండి. మన ఇంట్లో అది 28 అడుగుల వెడల్పున 14 అడుగులు ఉందనుకుందాం. 392 చదరపు అడుగులు, 5 అంగుళాలతో 163 ఘనపుటడుగులు. అందులో మిగిలిన బీములు 86 అడుగులు ఉంటే 54. కలిపి 217, అంటే 6.15 క్యూబిక్ మీటర్లు. బండిలో ఇంకా 3 ఉంది. 3.15 కావాలి, పంపులో నిలిచేది అర, చేతిలో కాస్త, మొత్తం 4 చెప్పండి. ఒకవేళ స్లాబు మధ్యలో దిగి మందం పెరిగిపోయి ఉంటే మీకు అక్కడే తెలిసిపోతుంది, మిగిలిన భాగం 14 బదులు 16 అడుగులు ఉంటుంది, అప్పుడు 5 చెప్తారు. దారిలో గంట పట్టే చోట రెండో బండి సగం దాకా ఆగకూడదు, మొదటి బండి అయిపోగానే కొలవాలి, లేకపోతే మూడో బండి వచ్చేసరికి చివరి అంచు బిగిసిపోతుంది.

ఆరు అన్న బండిలో ఆరే ఉందా అని అనుమానం సహజం. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. దారిలో వేబ్రిడ్జి ఉంటే నిండు బండినీ, ఖాళీ బండినీ కాటా వేయించండి, తేడాని 2400తో భాగిస్తే క్యూబిక్ మీటర్లు వస్తాయి. 14,400 కిలోలు వస్తే ఆరు. 13,200 వస్తే అయిదున్నర. కలుపులో తేడాల వల్ల కొంచెం అటూఇటూ అవుతుంది, అర క్యూబిక్ మీటరు తేడా మాత్రం రాదు. బండితో వచ్చే చీటీలో గ్రేడు (ఎం20, ఎం25 అని కాంక్రీటు బలాన్ని చెప్పేది), నింపిన టైము, ఎంత పరిమాణం అన్నవి ఉంటాయి, పంపు మొదలవ్వకముందే చూడాలి. డ్రైవరు గొట్టం పెట్టి డ్రమ్ములో నీళ్లు పోస్తానంటే వద్దనండి, పల్చన కావాలంటే ప్లాంటు వాళ్లని అడిగి వాళ్ల మందు వేయించాలి.

ఈ రెండింటికీ మధ్యలో ఒక దారి ఉంది. పంచాయతీ రోడ్ల పనుల్లో కనపడుతుంటుంది, ముందు బకెట్‌తో తనే ఇసుక, పిక్క ఎత్తుకుని తనే కలుపుకునే బండి, సెల్ఫ్ లోడింగ్ మిక్సర్ అంటారు. 2 నుంచి 4 క్యూబిక్ మీటర్ల వరకూ ఒక్కసారికి ఇచ్చేవి ఉన్నాయి. రెడీమిక్స్ రాని ఊళ్లో, దగ్గర్లో రోడ్డు పని జరుగుతుంటే, ఆ కాంట్రాక్టరుని అడిగి ఒకరోజుకి మాట్లాడుకోవచ్చు. సరుకు మీదే కాబట్టి లెక్క తప్పినా నష్టం లేదు, వేగం మిల్లరు కంటే చాలా నయం. బండి తిరగడానికి ఖాళీ స్థలం మాత్రం కావాలి. పైకి ఎత్తడానికి లిఫ్టో పంపో మళ్లీ వేరే చూసుకోవాలి.

సముద్రం పక్కనైతే

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు పూసపాటిరేగ వైపు చింతపల్లి, ఇలా తీరంలో ఇల్లు కట్టేవాళ్లు ఎంత అనే ప్రశ్నతో పాటు ఏ గ్రేడు అన్నది కూడా చూడాలి. ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటుకి కనీసం ఎం20, కొంచెం కష్టమైన వాతావరణంలో ఎం25, తీరప్రాంతపు గాలికి నేరుగా తగిలే చోట ఎం30. ఇంకోటి, 1:1.5:3 లాంటి పాళ్ల లెక్కతో కలపడం ఎం20 వరకే ఆ కోడ్ ఒప్పుకుంటుంది. ఎం25 నుంచి పైకి ల్యాబులో మిక్స్ డిజైన్ చేయించి, తూకంతో కలపాలి. మిల్లరు దగ్గర "ఎం25 అంటే 1:1:2 వేసేద్దాం, సిమెంటు ఎక్కువే కదా" అనే మాట వినపడుతుంది, కానీ ఉప్పుగాలి దగ్గర కావాల్సింది సిమెంటు ఎక్కువ పడటం ఒక్కటే కాదు, నీళ్లు తక్కువ పడటం, గట్టిగా వైబ్రేటర్ కొట్టడం, ఇనుము కింద కవర్ బ్లాకులు సరిగ్గా ఉండటం. తీరంలో ఉండి, ప్లాంటు గంటలోపు దూరంలో ఉంటే నేను రెడీమిక్స్ వైపే మొగ్గుతాను. ధర తేడాని పట్టించుకోను. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాలి, సముద్రం నుంచి ఇన్ని కిలోమీటర్లు అని గీత గీసి చెప్పే పని కాదు.

రేటు పోల్చేటప్పుడు

రెడీమిక్స్ క్యూబిక్ మీటరు రేటుని 8 బస్తాల సిమెంటు ధరతో పోల్చి చూసి "అబ్బో ఎక్కువ" అనేస్తారు. మిల్లరు వైపు 8 బస్తాలు, 15 ఘనపుటడుగుల ఇసుక (తడిదైతే 18 దాకా), 30 ఘనపుటడుగుల పిక్క, మిల్లరు అద్దె, డీజిలు, లిఫ్టు, పాతికమంది దాకా కూలీలు, స్లాబు రోజు భోజనాలు, మేస్త్రికి చేతిలో పెట్టేది, ఇవన్నీ వేసి మొత్తాన్ని 15తో భాగించండి. రెడీమిక్స్ వైపు కూడా చెప్పిన రేటు ఒక్కటే కాదు. జీఎస్టీ 18 శాతం అందులో కలిసిందా లేదా, పంపు ఛార్జీ వేరేనా, చివరి బండి 4కే వస్తే తక్కువ లోడు కింద ఏమైనా వేస్తారా, బండి గంట ఆగితే వెయిటింగ్ ఎంత, ఇవి అడిగి రాసుకోండి. సరుకు పైకి వచ్చాక సర్దడానికి, వైబ్రేటర్‌కి ఏడెనిమిది మంది మనుషులు అక్కడా కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు ఎవరో వేసి పెట్టిన పోలిక లెక్కలు పట్టుకుని ఇప్పుడు నిర్ణయం తీసుకోవద్దు.

మనుషులు దొరకడం కూడా లెక్కలోకి వస్తుంది. మన రెండు జిల్లాల నుంచి పనికి విశాఖకీ, హైదరాబాదుకీ, చెన్నైకీ వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు, పాతికమందిని ఒకేరోజు కూడగట్టడం కొన్ని నెలల్లో నిజంగానే కష్టం. సంక్రాంతి వారం సంగతి చెప్పక్కర్లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ ముందురోజు తొలేళ్లు, ఆ రెండు రోజులూ విజయనగరంలో బండి నడవదు, మనిషీ దొరకడు. రథసప్తమికి అరసవల్లి చుట్టుపక్కల అంతే.

అక్టోబరు సంగతి ఇంకో రకం. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆ నెలలో స్లాబు పెట్టుకుంటే రెండు దారుల్లోనూ ఇబ్బంది ఉంది. మిల్లరైతే వాన మొదలవగానే ఆపేయొచ్చు, కాకపోతే ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు, గోడకో బీముకో ఆనుకుని కాకుండా రెండు బీముల మధ్య నడిమి భాగంలో చెక్క అడ్డుపెట్టి నిటారుగా ఆపాలి. రెడీమిక్స్ అయితే నింపిన బండిని వెనక్కి పంపలేరు, కానీ మొత్తం పని రెండు మూడు గంటల్లో తేలిపోతుంది కాబట్టి వాన లేని పూట చూసుకోవడం సులువు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే రెండూ వద్దు, వారం ఆగండి.

ఇంతకీ ఎవరు ఏది ఎంచుకోవాలి

ఫుటింగులు, పిల్లర్లు, లింటెల్స్‌కి మిల్లరే. 9 అంగుళాలకి 12 అంగుళాల పిల్లర్లు 12 ఉన్నా, పదడుగుల ఎత్తుకి 90 ఘనపుటడుగులు, రెండున్నర క్యూబిక్ మీటర్లు మాత్రమే. అదీ ఒక్కరోజులో పోయరు. అంత చిన్న పనికి బండి పిలిస్తే ఛార్జీలకే సరిపోతుంది.

500 అడుగుల లోపు స్లాబు, ఊరు లోపల, ఎం20 చాలంటే మిల్లరు. వెయ్యి అడుగులు దాటి, హైవేకి దగ్గరగా ఉండి, ఎం25 అడిగిన ప్లాను అయితే రెడీమిక్స్, లెవెల్ చూసుకున్నారన్న షరతు మీద. మధ్యలో ఉన్న 500 నుంచి వెయ్యి అడుగుల వాళ్లకి దారి, దూరం, మనుషులు ఈ మూడే తేలుస్తాయి. బొబ్బిలి, సాలూరు, రాజాం లాంటి చోట్ల ఉన్నవాళ్లు ప్లాంటు నుంచి సైటుకి పగటిపూట బండి ఎంతసేపట్లో వస్తుందో ఒకసారి బైకు మీద వెనకే వెళ్లి చూసుకోండి. ప్లాంటు వాళ్లు చెప్పే టైము అర్ధరాత్రి ఖాళీ రోడ్డు టైము అయి ఉండొచ్చు. టేపు పట్టి కొలవడానికి ఓపిక లేదు, మేస్త్రి ఏం చెప్తే అదే అనేవాళ్లకి మాత్రం స్లాబు ఎంత పెద్దదైనా మిల్లరే మేలు, అక్కడ తప్పుకి ఖరీదు తక్కువ.

రెడీమిక్స్ చెప్పినవాళ్లు ఒక్క పని ముందే చేసి పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకు మూతలకీ, కాలువ పలకలకీ చెక్క ఫ్రేములు బిగించి, లోపల ఇనుము కట్టి, పంపు దగ్గర్లో కింద ప్లాస్టిక్ షీటు వేసి ఉంచండి. 3 అడుగులకి 2 అడుగులు, 3 అంగుళాల మందం పలక ఒకటి ఒకటిన్నర ఘనపుటడుగు తీసుకుంటుంది, పది ఫ్రేములు ఉంటే పైపులో నిలిచిపోయినదంతా అందులోకి పోతుంది. పైపు కడిగిన నీళ్లు మాత్రం వాటిలో పడనివ్వద్దు, పక్కింటివాళ్ల కాలువలోకి అసలే వదలొద్దు.